బరువు పెట్టకముందు ఎంతుండె?

రుద్రారం,
సోమవారం.

బంగారు తల్లి యామినికి, అమ్మ బోలెడన్ని ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాయిన, నాయనమ్మ అందరం బాగున్నాం. నువ్వూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి హాస్టల్లో క్షేమంగా ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. నాయనమ్మ మోకాలు ఇప్పుడు నయం. నీ పరీక్షల కోసం ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కుకుంది కాబట్టి గుడిదాకా నడిచి తీరతానంటోంది. మీ నాయినకు మళ్లీ రాత్రి డ్యూటీ పడింది. నీ గులాబీ మొక్కను మేక సగం తినేసింది కానీ చిగుళ్లు వస్తున్నాయి, ఏడవకు. బొడ్డుమల్లె చెట్టు ఎట్లా ఉందని అడిగావు. దానికేం, దొరసాని లాగ ఉంది.

ఇక అసలు సంగతి. అనులోమానుపాతం అంటే ఏందని నువ్వు ఫోన్లో అడిగితే, ఏడో తరగతి దాటని నేను పెద్ద పంతులమ్మలాగా చెప్పాను: "ఒకటి పెరిగితే ఇంకోటి పెరుగుతది, గంతే. నీ వయసు పెరుగుతుంటె నీ ఎత్తు పెరుగుతలేదా, గట్ల." నువ్వు అమ్మ మాట వేదమనుకుని పరీక్షలో అదే ఉదాహరణ రాశావు. మీ లెక్కల మేడమ్ దాన్ని అడ్డంగా కొట్టేసింది. 'నాకు లెక్కలు రావు, నేనిక్కడ ఉండను, వచ్చి తీసుకుపో' అని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఆలోచన, మేడమ్ ఎందుకు కొట్టేసింది? వయసూ పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. తప్పెక్కడుంది?

మా కంపెనీలో నేను చేసే పని నీకు తెలుసు కదా. తయారైన స్ప్రింగును మెషిన్‌కు తగిలించి, చెప్పిన బరువుకు చెప్పినంత సాగిందా లేదా చూసి, సాగితే ఒక ట్రేలో, సాగకపోతే స్క్రాప్ డబ్బాలో వేస్తాను. ఇన్నాళ్లూ ఆ ఒక్క బరువు, ఆ ఒక్క గీత తప్ప నేనేమీ చూడలేదు. మధ్యలో స్ప్రింగు ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. మొన్న టీ తాగుతుంటే తోచింది. బరువు పెరిగితే స్ప్రింగు కూడా పెరుగుతుంది కదా, నీ లెక్క ఇక్కడే ఉందేమో అని.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల టైములో స్క్రాప్ డబ్బాలోంచి ఒక మెత్తటి స్ప్రింగు తీసుకుని, టూల్ రూమ్ కిటికీ చువ్వకు తగిలించాను. నాతో పనిచేసే మొగులమ్మ స్కేలు పట్టుకుంది. పట్టుకుందన్న మాటే గానీ నోరు ఊరుకుంటేనా?

"అన్నం తినే యాళ్లకు ఇదేం పిచ్చే నీకు? సూపర్‌వైజర్ సూస్తె ఇద్దర్ని ఇదే సువ్వకు ఏలాడదీస్తడు."

"జెర సక్కగ పట్టు. ఎంతొచ్చింది?"

రెండు కిలోలు వేలాడదీస్తే స్ప్రింగు పొడవు ఇరవై మూడు సెంటీమీటర్లు వచ్చింది. నాలుగు కిలోలకు ఇరవై ఆరు. ఆరు కిలోలకు ఇరవై తొమ్మిది. మీ పుస్తకంలో y ని x తో భాగిస్తే ఎప్పుడూ ఒకటే k రావాలని రాసి ఉందన్నావు కదా. పొడవును బరువుతో భాగించాను. మొదటిసారి పదకొండున్నర, రెండోసారి ఆరున్నర, మూడోసారి ఇంకా తక్కువ. ఎక్కడా పొంతన లేదు. "గీ లెక్క పుస్తకంలనే ఉంటదే, స్ప్రింగులల్ల ఉండదు" అని మొగులమ్మ తీర్పు చెప్పి టిఫిన్ డబ్బా తెరిచింది.

అప్పుడే క్వాలిటీ చూసే ప్రవీణ్‌కుమార్ సార్ వచ్చాడు. సంగారెడ్డి పిల్లవాడే, ఇంజనీరింగ్ చదివాడు, నన్ను అక్కా అంటాడు. తిడతాడనుకుని స్ప్రింగు వెనక్కి దాచబోయాను. ఆయన నేను గోడ మీద చాక్‌పీస్‌తో వేసిన అంకెలు చూసి నవ్వాడు.

"అక్కా, బరువు పెట్టకముందు ఎంతుండె?"

"ఇర్వై, సార్."

"మరి గా ఇర్వై సెంటీమీటర్లు ఎవరు సాగదీసిన్రు?"

ఇంకొక్క మాట చెప్పలేదు, వెళ్లిపోయాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది, చెప్పేదేదో పూర్తిగా చెప్పొచ్చు కదా అని. పప్పన్నం కలుపుతుంటే అర్థమైంది. ఆ ఇరవై స్ప్రింగు సొంతం. నా బరువుకు వచ్చింది కాదు. బరువుకు వచ్చింది మూడు, ఆరు, తొమ్మిది మాత్రమే! ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి మళ్లీ భాగించాను. మూడును రెండుతో, ఆరును నాలుగుతో, తొమ్మిదిని ఆరుతో. ప్రతిసారీ ఒకటిన్నర. యామినీ, నేను కేక పెట్టానంటే నమ్ము, మొగులమ్మకు పొలమారింది.

ఇంకో స్ప్రింగు, లావు తీగది తగిలించి చూశాను. దానికి ప్రతిసారీ కిలోకు అర సెంటీమీటరే వచ్చింది. అంటే ఏ స్ప్రింగు k దానిది. కిలో బరువుకు ఎంత సాగుతుందో అదే దాని k. బరువు మారినా అది మారదు. బరువు రెండింతలైతే సాగడమూ కచ్చితంగా రెండింతలు. బరువు లేకపోతే సాగడమూ సున్నా. ఊరికే రెండూ పెరిగితే సరిపోదు. మరీ ఎక్కువ వేస్తే మాత్రం ఈ లెక్క చెల్లదు. అత్యాశకు పోయి నేను మెత్తటి దాన్ని పాడు చేశాను, బరువు తీసేసినా అది మళ్లీ ఇరవైకి రాలేదు.

ఇప్పుడు నా ఉదాహరణ చూడు. ఆరేళ్లప్పుడు నువ్వు మూడున్నర అడుగులు ఉన్నావు. వయసు రెండింతలైతే ఎత్తూ రెండింతలు కావాలి, అంటే పన్నెండేళ్లకు నువ్వు ఏడడుగులు ఉండాలి! పైగా సున్నా ఏళ్లప్పుడు సున్నా ఎత్తుతో పుట్టావా? మూరెడు ఉన్నావు, గుక్కపట్టి ఏడ్చావు. మేడమ్ కొట్టేసింది సరైనదే. తప్పు నీది కాదు, నాది.

అప్పట్నుంచి నాకు ఏది చూసినా ఇదే ధ్యాస. నల్లా కింద డ్రమ్ము పెడితే నీళ్లు నిమిషానికి ఇంత అని సమంగా లేస్తాయి. అదే బిందె పెడితే కడుపు దగ్గర నెమ్మదిగా, మెడ దగ్గరికొచ్చేసరికి గబగబా లేస్తాయి. డ్రమ్ముకు k ఉంది, బిందెకు లేదు! మీ నాయిన నన్ను చూసి, "ఏందే, నల్లా కాడ స్కేలు పట్కోని కూసున్నవ్? నీళ్లు రాని దినం గా k ఎంతుంటదో గది జెర చెప్పు" అని ఒకటే నవ్వు.

బిడ్డా, ఒక మాట ఇంతసేపూ దాచాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నువ్వు తీసుకుపొమ్మని రాసిన మర్నాడే నేను మీ ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఫోన్ చేసి, ఆదివారం వచ్చి టీసీ తీసుకుంటానని చెప్పేశాను. పిల్ల బాధపడుతోందని మీ నాయినతో అన్నాను. అది సగమే నిజం. నీ ఉత్తరం చదివి నాకు సంతోషమేసింది. నువ్వు లేని ఇంట్లో పొద్దున జడ వేయడానికి తల దొరకదు, అన్నం దగ్గర అలిగేవాళ్లు ఉండరు. స్ప్రింగు తగిలించింది కూడా నీకు చెప్పాలని కాదు. నాకూ అర్థం కాదని తేల్చుకుందామని. అప్పుడు 'చూశావా, మన ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు, వచ్చెయ్' అని ధీమాగా రాయొచ్చు కదా.

కానీ అర్థమైపోయింది. ఇప్పుడు ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

టీసీకి వస్తానన్నాను కాబట్టి ఆదివారం తప్పకుండా వస్తాను. నువ్వు సంచి సర్దుకుని ఉంటే ఒక్క మాట అనకుండా వెంట తీసుకొస్తాను, ఒట్టు. కానీ దీని తర్వాతి పాఠంలో ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతుందట. అట్లాంటప్పుడు భాగిస్తే k ఎట్లా నిలుస్తుందో నాకు ఎంత ఆలోచించినా తెగడం లేదు. ప్రవీణ్‌కుమార్ సార్ చెప్తానన్నాడు, వద్దన్నాను. మా బిడ్డ చెప్తదన్నాను. ఆయన సరేనన్నాడు, మొగులమ్మ నవ్వింది. నువ్వు సంచి సర్దుకోకపోతే, ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క చెప్పు. ఆఖరి బస్సుదాకా వింటాను.

ఇట్లు,
నిన్ను తెచ్చుకోవాలనీ అక్కడే ఉంచాలనీ రెండూ ఉన్న
మీ అమ్మ,
పుష్ప