ఆల్విన్ జ్వరం నాటి పది డాలర్ల నోటు

అయోవా రాష్ట్రం, కెట్నర్ గ్రోవ్ నివాసిని, పాత బ్యాంకు నోట్ల వ్యాపారిని అయిన ఇర్మా డాల్‌గ్రెన్ అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగానే ఉంది. సోమవారం ఆపరేషన్. ఈ ఏడాది ఇది మూడో వీలునామా. ముందు రాసినవన్నీ రద్దు.

1. దుకాణం, భూతద్దం, ధరల పుస్తకాలు మా అన్న కొడుకు కర్టిస్‌కు. ఈ వీలునామా అమలు బాధ్యతా అతనిదే. నోటు చేతికి రాగానే ముందు బ్యాంకు పేరూ నంబరూ చూడాలి, తర్వాత వెలుతురుకు పట్టి చూడాలి. నువ్వు ముందే ధర చూస్తావు నాయనా.

2. తోటి వ్యాపారి థర్మన్ బెక్‌కు ఏమీ లేదు. కింద మూడో అంశంలో చెప్పిన నోటు చూసి, “పిన్ను చిల్లుంది ఇర్మా, సగానికి సగం తగ్గించుకో” అన్నాడు. సరే, ఒక జామ్ సీసా ఇవ్వండి. ఒంటరివాడు.

3. ఊళ్లలోని బ్యాంకులూ తమ పేరుతో నోట్లు విడుదల చేసే రోజుల్లో మా ఊరి బ్యాంకు పేరుతో అచ్చయిన పది డాలర్ల నోటు. నాకు తెలిసి మిగిలింది ఇదొక్కటే. 1931 జనవరిలో ఆ బ్యాంకు మూతపడింది. అదే వారం మా తమ్ముడు ఆల్విన్‌కు నిమోనియా. అమ్మ దగ్గర ఉన్నదల్లా రవిక లోపల పిన్ను పెట్టుకున్న ఈ నోటే. “బ్యాంకే పోయాక దాని కాగితం ఎవరు తీసుకుంటారే” అని డాక్టరును పిలవలేదు. ఆల్విన్ పోయాడు.

బ్యాంకు మునిగినా అలాంటి నోట్లకు ప్రభుత్వం హామీ ఉంటుందని, అవి చెల్లుతూనే ఉంటాయని నాకు ఇరవై మూడో ఏట తెలిసింది. అమ్మకు చెప్పలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆమెతో ఒక పూట కుదురుగా కూర్చోలేకపోయాను.

4. ఆ నోటును వేలం వేయాలి. కడగకూడదు, ఇస్త్రీ చేయకూడదు, చిల్లు పూడ్చకూడదు. వచ్చిన సొమ్ము పిల్లల వైద్యానికి మా కౌంటీ ఆసుపత్రికి. వేలం పుస్తకంలో నోటు వివరాల కింద ఈ వాక్యం ఉండి తీరాలి: “1931 జనవరిలోనూ ఈ నోటు చెల్లేది.”

కర్టిస్, అచ్చయ్యాక ఒక ప్రతి ఆల్విన్ సమాధి దగ్గర పెట్టు. పక్కనే అమ్మ ఉంటుంది. పైకి చదవకు.

1984 అక్టోబరు 12
(సంతకం) ఇర్మా డాల్‌గ్రెన్

సాక్షులు: లొరెయిన్ హుబెక్, పొరుగింటావిడ
వెండెల్ ఓస్ట్రెమ్, మందుల షాపు యజమాని