ఉతకని శాలువా

చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాసి కాసేపు ఆగాను, అందరం అనడానికి ఇంట్లో ఎవరున్నారని. అయినా కొట్టెయ్యలేదు, ఉండనీ. నువ్వూ బావగారూ మేనకోడలు పిల్లా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. కాలి కట్టు విప్పారనీ, కర్ర లేకుండా వంటగది దాకా నడుస్తున్నావనీ చదివి ఊరట కలిగింది. మెట్ల జోలికి మాత్రం అప్పుడే పోకు. అమ్మ పోయినప్పుడు రాలేకపోయానని మళ్లీ రాశావు. ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు. విరిగిన కాలుతో ఎలా వస్తావు? ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇక రాయకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటగది కప్పు ఇల్లుగలావిడ బాగు చేయించింది. గోడ మీద చెమ్మ మరక మాత్రం పోలేదు. వంట నేనే చేసుకుంటున్నాను. ఒక్కడికి వండడం ఇంకా చేతికి రాలేదు, ఎంత తక్కువ పెట్టినా మిగులుతోంది. అమ్మ మంచం తీయలేదు. తీస్తే అక్కడ ఏం పెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఆరిన బట్టలు దాని మీద వేస్తున్నాను.

అమ్మ కుక్క మొద్దు ఎలా ఉన్నాడని అడిగావు. అమ్మ శాలువా ఇంకా ఎందుకు పంపలేదని అడిగావు. ఆ రెండూ ఒకటే సంగతి అయి కూర్చున్నాయి. అందుకని చివరికి ఉంచాను.

పని మామూలే. పశువుల ఆసుపత్రి వెనక గదిలోనే నా బల్ల. దొరికిన కుక్కలూ పిల్లులూ ఎవరివో కనుక్కుని ఇళ్లకు చేర్చడం, పోగొట్టుకున్నవాళ్లు వస్తే ఎలా వెతకాలో చెప్పడం. మామయ్య ఆఫీసులో రోజంతా కుక్కలతో ఆడుకుంటాడా అని కోడలు పిల్ల అడిగిందన్నావు. ఆడుకోడని చెప్పు. ఏడ్చేవాళ్ల పక్కన కూర్చోవడమే మామయ్య పని అని చెప్పు.

ఆ మధ్య బజారు వీధి దర్జీ, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల పిల్లి కనిపించడం లేదు. "సందు సందూ తిరిగి పిలుస్తున్నానండీ, గొంతు పోయింది" అన్నాడు. పిలవడం మానమన్నాను. బెదిరిన జంతువుకు ఎవరి పిలుపైనా అరుపులాగే వినిపిస్తుంది. ఇంట్లో అది ఎవరి పక్కన పడుకునేదో వాళ్లు కట్టి విడిచిన బట్ట ఒకటి, ఉతకకుండా, గుమ్మం బయట పెట్టమన్నాను. చిన్న ముక్కయినా చాలు, ఆ వాసన పట్టుకుని వస్తుంది.

"నా పక్కనే పడుకునేదండీ" అన్నాడు దర్జీ.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఈయన చొక్కా బయట పెడితే పిల్లి రావడం అటుంచండి, ఉన్న కాకులు కూడా ఊరు ఖాళీ చేస్తాయి."

"నీ ముక్కుకేం తెలుసే? దానికి నచ్చింది."

"నచ్చే పారిపోయిందా?"

మర్నాడు పొద్దున ఆ చొక్కా మీదే పడుకుని ఉందట పిల్లి. దర్జీ దుకాణం తెరవకుండా ముందు నా దగ్గరికి వచ్చి చెప్పి వెళ్లాడు. "ఆ చొక్కా ఇక ఉతకనివ్వను, ఏమనుకుందో ఏమో మా ఆవిడ" అన్నాడు.

ఇక రాయాల్సింది రాస్తాను. మొద్దు తప్పిపోయాడు. ఫోన్లో నువ్వు అడిగినప్పుడల్లా బాగానే ఉన్నాడన్నాను. అప్పటికి వాడు ఇంట్లో లేడు.

ఆ రోజు నేను పనికి బయల్దేరుతూ గేటు తీశాను. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ టైరు పేలింది. వాడు నా కాళ్ల సందులోంచి దూసుకుపోయాడు. నేను వీధి మలుపు దాకా పరుగెత్తేసరికి కనుచూపు మేరలో లేడు. ఉరిమితే అమ్మ మంచం కిందికి దూరేవాడు కదా, అమ్మ చెయ్యి కిందికి వేలాడేసి తల నిమిరితే గానీ వణుకు తగ్గేది కాదు. బయట వాడికి మంచమూ లేదు, చెయ్యీ లేదు.

టీ కొట్టు దగ్గర వాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. "ఊళ్లో కుక్కలన్నీ నువ్వే పట్టిస్తావు కదటోయ్, నీ కుక్కను ఎవరు పట్టించాలి?" అని ఒకడు. "ఇంట్లో వీడి వంట తినలేక పోయుంటుంది లే" అని ఇంకొకడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా అంటారు.

కొన్నాళ్లకు ఊరి చివర ఇటుక బట్టీలో ఇటుకలు మోసే ఆవిడ నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చింది. "అన్నా, బూడిద రంగు కుక్క, ఒక చెవి వేలాడేది, నీదేనా? బట్టీ వెనకాల తిరుగుతోంది. అన్నం పెట్టినా దగ్గరికి రాదు" అంది. సైకిలు తీసుకుని పోయాను. పగిలిన ఇటుకల కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. వాడే. ఆ బల్ల వెనక కూర్చుని నేను అందరికీ చెప్పేవేవీ ఆ నిమిషంలో గుర్తు లేవు. "మొద్దూ" అని గట్టిగా అరిచి పరుగెత్తాను.

వాడు నన్ను చూశాడు, చెల్లీ. చూసే పారిపోయాడు. రైలు కట్ట ఎక్కి అవతలికి దిగిపోయాడు. బెదిరిపోయి తిరిగే కుక్క యజమానిని కూడా గుర్తుపట్టదని ఎంతమందికి చెప్పానో. చెప్పడం వేరు. నాకు కోపం వచ్చింది. రోజూ గిన్నెలో కూడు పోసింది నేను. నీళ్లు మార్చింది నేను. సైకిలు తోసుకుంటూ తిరిగి వస్తూ తోచింది, అమ్మ బతికి ఉండగా నేను వాడి మీద చెయ్యి వేసి ఎరగనని. గిన్నె పెట్టడం, ఇవతలికి రావడం, అంతే. నా అడుగుల చప్పుడు వాడికి గిన్నె చప్పుడు. అంతకంటే ఇంకేమీ కాదు.

మా కాంపౌండర్ నీకు తెలుసు కదా, అమ్మకు ఒంట్లో బాగోనప్పుడు మూడు పూటలా వచ్చి చూసి వెళ్లిన పెద్దాయన. ఆయన అడిగాడు. "మీ అమ్మగారు కప్పుకున్నదీ కట్టుకున్నదీ ఏదైనా ఉందా? ఉతకనిది?"

"లేదండీ. అన్నీ ఇచ్చేశాం" అన్నాను.

"ఒక్కటైనా?"

"ఒక్కటి కూడా లేదు."

"అయితే నీ చొక్కా పెట్టి చూడు మరి."

పెట్టాను. మర్నాడు వెళ్తే చొక్కా మీద బట్టీవాళ్ల మేక నిలబడి కాలరు నములుతోంది. ఇటుకలావిడ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. ఇంకో చొక్కా పెట్టాను. మొద్దు దాని చుట్టుపక్కలకే రాలేదు. పక్కన పెట్టిన కూడు మాత్రం ఎవరో తిని వెళ్లారు.

అప్పటికి శాలువా బీరువా పై అరలోనే ఉంది. నువ్వు చెప్పినట్టే మూతి కట్టిన కవరులో ఉంది. 'ఉతకొద్దు, మడత కూడా విప్పొద్దు, అలాగే పంపు' అని రాశావు. పోస్టాఫీసులో రద్దీగా ఉంది, వచ్చే వారం పంపుతానని రెండుసార్లు రాశాను. పోస్టాఫీసులో రద్దీ ఏమీ లేదు. ఆ గుమాస్తా నన్ను చూస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి కబుర్లు చెబుతాడు, అంత ఖాళీ. మరి ఎందుకు పంపలేదంటే, అప్పుడప్పుడు కవరు మూతి విప్పి మొహం పెట్టేవాణ్ణి. వెంటనే కట్టేసేవాణ్ణి. విప్పినప్పుడల్లా కొంత పోతుందని నాకు తెలుసు. ఈ పనిలో ఉన్నవాడికి తెలియకుండా ఉండదు. నీది నేను వాడుకుంటున్నానని కూడా తెలుసు. ఇదొక్కటీ నీకు ఎలా రాయాలో తెలియకనే ఉత్తరం ఇన్నాళ్లు పట్టింది.

ఒక సాయంత్రం ఇటుకలావిడ మళ్లీ వచ్చింది. "అన్నా, ఇవాళ లేవట్లేదు. కుంటుతూ కుంటుతూ పొయ్యి అరుగు పక్కన పడుకున్నాడు. దగ్గరికి పోతే పళ్లు చూపిస్తున్నాడు. కాలు వాచింది. నువ్వు ఏం చేసినా ఇవాళే చెయ్యి" అంది.

ఇంటికి వచ్చి కవరు తీశాను. ఒక మూల కత్తిరించి పెడితే సరిపోతుందని నాకు తెలుసు. దర్జీకి చెప్పింది నేనే కదా. మిగతాది నీకు పంపొచ్చు. కత్తెర తెచ్చాను. అంచు పట్టుకున్నాను. చలికి అమ్మ ముడేసుకునే చోట నూలు పలచబడి ఉంది. కత్తెర పెట్టలేకపోయాను. ఎందుకని నన్ను అడగకు. కోస్తే అమ్మను కోసినట్టు ఉంటుందని ఏదో చెప్పొచ్చు, అది కూడా కాదు. కత్తెర పక్కన పెట్టేశాను. మొత్తం శాలువా తీసుకుపోయి బట్టీ దగ్గర, గాలికి వాసన వాడు పడుకున్న చోటికి చేరేలా నేల మీద పరిచి వచ్చేశాను. దగ్గర ఉంటే రాడు. ఇంటికి వచ్చాక వాన పట్టుకుంది.

తెల్లవారగానే వెళ్లాను. వాడు శాలువా మీద ఉన్నాడు. ముక్కు మడతలోకి దూర్చి, ఒళ్లంతా దాని మీదే ముడుచుకుని తడిసి ముద్దయి ఉన్నాడు. ఈసారి పిలవలేదు. కాస్త దూరంలో వీపు వాడి వైపు పెట్టి బురదలో చతికిలబడ్డాను. అలా కూర్చునే కొంచెం కొంచెం వెనక్కి జరిగాను. బట్టీలో పనికి వచ్చినవాళ్లు ఆగి చూశారు. "ఏందయ్యా, కుక్కకు దండం పెట్టడానికి వచ్చి అటు తిరిగి కూర్చున్నావు?" అన్నాడొకడు. ఇటుకలావిడ వాణ్ణి తిట్టి పంపింది. చివరికి నా వీపుకు వాడి ఊపిరి వెచ్చగా తగిలింది. అప్పుడు చెయ్యి వెనక్కి పెట్టాను, అమ్మ మంచం మీంచి పెట్టినట్టు. ముందు గుర్రుమన్నాడు. తర్వాత తల పెట్టాడు.

శాలువాతో పాటే ఎత్తుకుని ఆసుపత్రికి తెచ్చాను. కాల్లో గాజు పెంకు దిగి చీము పట్టింది. డాక్టరు తీసి కట్టు కట్టాడు. నయమవుతోంది, ఇప్పుడు మూడు కాళ్ల మీద గెంతుతూనే ఇల్లంతా తిరుగుతున్నాడు. కోడలు పిల్లకు చెప్పు, వాళ్లమ్మకు మొన్నటిదాకా ఉన్నట్టే మొద్దుకు కూడా కాలికి కట్టు ఉందని.

కట్టు కట్టేటప్పుడు కాంపౌండర్ శాలువా కేసి చూశాడు. లేదని ఎందుకు చెప్పావని అడగలేదు. "ఒక ముక్క చాలు కదయ్యా, మొత్తం ఎందుకు పెట్టావు?" అని మాత్రం అన్నాడు. తోచలేదన్నాను.

శాలువాకు చీమూ మందూ బురదా అంటుకున్నాయి. మేక ఎప్పుడొచ్చిందో, ఒక అంచు నమిలింది. ఉతకక తప్పలేదు. ఉతికాను. ఆరాక మొహం దగ్గర పెట్టి చూశాను. సబ్బు వాసన. కుక్క వాసన. వేరే ఏమీ లేదు. ఇప్పుడు దాని మీదే పడుకుంటున్నాడు. నీకు పంపమంటే ఇప్పటికీ పంపుతాను, వాడికి ఇంకో దుప్పటి వేస్తాను. కానీ నువ్వు అడిగింది ఇది కాదు.

తిట్టాలనిపిస్తే తిట్టు, ఫోన్లో వద్దు, రాసి తిట్టు. ఫోన్లో అయితే నేను ఏమీ అనలేను, నువ్వు ఇంకోలా అనుకుంటావు.

ఆ పోయిన వాసనను నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. కవరు మూతి విప్పగానే ముందు మోకాళ్లకు రాసుకునే మందు ఘాటు తగిలేది. దాని వెనక తలనూనె, మెడ వైపు అంచులో ఎక్కువ. కింది అంచులో పొయ్యి పొగ. మధ్యలో మడతల దగ్గర, మాత్రల డబ్బా తెరిస్తే వచ్చే వాసన కొంచెం. వీటన్నిటి కింద ఇంకొకటి ఉండేది. అది మందూ కాదు, నూనె కూడా కాదు. దానికి పేరేమిటో నాకు తట్టడం లేదు. జ్వరం వస్తే నువ్వు అమ్మ మెడ కింద మొహం పెట్టుకుని పడుకునేదానివి, నేను పెద్దవాణ్ణని గోడ వైపు పడుకునేవాణ్ణి. నీకు తెలిసి ఉండాలి. అదేమిటో తెలిస్తే వెంటనే రాయి. నాకు రోజురోజుకూ తగ్గిపోతోంది.

ఇట్లు,
జవాబు కోసం చూసే
నీ అన్నయ్య