ఆకుల రంగు విషయమై

నా పిచ్చుకకు,

ముందు గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర, కుడి మోచేతి కింద దిండు పెట్టుకుని కూర్చున్న నాన్న రాయునది.

బాధ్యత గల మనిషి ఏ వినోదాన్నైనా చేపట్టే ముందు దానికొక పద్ధతి ఏర్పరచుకోవాలి. పద్ధతి లేని వినోదం కాలక్షేపంగా దిగజారుతుంది. కాలక్షేపం అలవాటుగా మారుతుంది. అలవాటుపడ్డ మనిషిని ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యరు. కాబట్టి, రంగు పెన్సిళ్ళతో బొమ్మలకు రంగులు వేయు పనిని నేను స్వీకరించిన సందర్భంలో, అందుకు దారితీసిన పరిస్థితులను, చేసుకున్న ఏర్పాట్లను కన్నకూతురికి లిఖితపూర్వకంగా తెలియపరచడం నా విధి.

రక్తపోటు చూసే డాక్టరు పోయిన వారం నా చేతికి పట్టీ చుట్టి, ఒత్తి, వదిలి, మళ్ళీ ఒత్తి, "మీరు రోజుకో గంట ఏ నిర్ణయమూ తీసుకోకుండా కూర్చోవాలి" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆఫీసులో పనిచేసి సెక్షన్ సూపరింటెండెంటునైన నాకు, ఏ నిర్ణయమూ తీసుకోకుండా కూర్చోవడంలో తగినంత అనుభవం ఉన్నదని ఆయనకు మనవి చేశాను. ఆయన నవ్వలేదు. మీ అమ్మ నవ్వింది. మర్నాడే వెళ్ళి 'ఆకురాలు కాలం' అనే బొమ్మల పుస్తకం, ముప్పై ఆరు పెన్సిళ్ళ పెట్టె కొనుక్కొచ్చింది. గీతలు ముందే అచ్చువేసి ఉంటాయి. మనం రంగు మాత్రం నింపాలి. ఆఫీసులో నా ఉద్యోగం కూడా ఇంచుమించు ఇలాంటిదే కాబట్టి శిక్షణ అవసరం పడలేదు.

పెన్సిళ్ళు చెక్కకుండా వచ్చాయి. ప్రతి పెన్సిలుకూ ఒక కొసన దాని రంగు పేరు ముద్రించి ఉంది. పేరున్న కొసే తల అయి ఉండాలని నిర్ణయించి, ముప్పై ఆరింటినీ తలవైపు నుంచే చెక్కాను.

"ఏవండీ, పేర్లన్నీ చెక్కేశారు. రేపు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని మీ అమ్మ అడిగింది.

"కళ్ళున్నవాడికి పేర్లెందుకోయ్?" అన్నాను.

మొదటి మూడు పుటలూ పూర్తయ్యాయి. నీళ్ళు, వంతెన, మబ్బులు. నీలం పెన్సిలు గరుకు కాగితం మీద నడుస్తుంటే, ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టుంటుంది చప్పుడు. కిటికీ బయట మన వీధి చెట్లు కూడా ఎవరి అనుమతీ కోరకుండా ఆకులు రాలుస్తూనే ఉన్నాయి. నిన్న సాయంత్రం గంటసేపు నేను ఎవరి తప్పూ పట్టలేదు. మీ అమ్మ రెండుసార్లు వచ్చి నా నుదురు తాకి చూసి వెళ్ళింది.

ఇక రెండో విషయం. మీ ఆఫీసువారు కడుతున్న పిల్లల ఆసుపత్రికి గోడల రంగులు ఎంపికచేసే బాధ్యత నీకు ఇస్తామన్నారనీ, నువ్వు "నాకు రంగులు తెలియవు, నల్ల గీతలతో ప్లాన్లు గీసుకుంటాను" అన్నావనీ, నెలాఖరు దాకా ఆలోచించుకోమని వాళ్ళు గడువిచ్చారనీ మీ అమ్మ చెప్పింది. నీ జవాబు నాకు సబబుగానే తోచింది. ఎవరి పరిధి వాళ్ళు ఎరిగి ఉండటం మంచిది. రంగుల దగ్గర నీకు చిన్నప్పటి నుంచీ తడబాటే. ప్లాను గీయడంలో నీ చెయ్యి ఎంత నికరమైనదో అందరూ ఒప్పుకుంటారు కదా, అది చాలు.

రేపు నాలుగో పుట. దారికి రెండు వైపులా చెట్లు. సర్వసన్నద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ప్రస్తుతానికి ప్రశాంతంగా ఉన్న,
మీ నాన్న

*

నా తల్లీ,

ఈ ఉత్తరం ఎలా రాయాలో చెప్పే నమూనా మా ఆఫీసులో లేదు. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ "పై విషయమును పురస్కరించుకొని" అని నా చెయ్యి దానంతటదే రాసేసింది. మూడూ చింపాను. ఫోను చెయ్యమంది మీ అమ్మ. ఫోనులో నేను మాట తప్పించగలను, వాతావరణం గురించి అడగగలను, నువ్వు తిన్నావా అని అడిగి పెట్టెయ్యగలను. కాగితం మీద అంత సులువు కాదు.

నాలుగో పుటలో చెట్లకు రెండు రోజులు రంగు వేశాను. ఎండకు మండుతున్నట్టు, ఎర్రగా, నారింజగా, ఆకు ఆకునా వేశాను. నా జీవితంలో ఏ ఫైలు మీదా అంత శ్రద్ధ పెట్టలేదు. మీ అమ్మను పిలిచి చూపించాను. ఆమె పుట చూసి, పుస్తకం మూసి అట్ట కూడా చూసింది.

"ఏవండీ, పుస్తకం మీద ఆకురాలు కాలం అని ఉంది. మీరు వేసింది నిండు వానాకాలం."

"అంటే?"

"అంటే ఏముంది, చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి."

ఆధారం చూపమన్నాను. ఆమె పెట్టెలోంచి రెండు పెన్సిళ్ళు తీసి నా ముందు పెట్టి, "ఎర్రది తియ్యండి" అంది. తీశాను. "ఇప్పుడు పచ్చది తియ్యండి" అంది. "ఒకటి ఎర్రదైతే రెండోది పచ్చదే కదా, ఆ మాత్రం చెప్పలేనా?" అని రెండోదీ తీశాను.

"రెండూ పచ్చవేనండీ" అంది మీ అమ్మ. ఆ మాట ఆమె ఎంత మెల్లగా అందంటే, నాకు ఎదురు చెప్పాలనిపించలేదు.

కళ్ళ డాక్టరు రంగు చుక్కల పుస్తకం ఒకటి చూపించాడు. ప్రతి పుటలోనూ చుక్కల మధ్య ఒక అంకె ఉందట. నాకు మాత్రం అన్ని పుటల్లోనూ చుక్కలే ఉన్నాయి. ఎరుపూ ఆకుపచ్చా నాకు వేరువేరుగా కనబడవట. పుట్టుకతో వచ్చిందట. "ఇన్నేళ్ళూ ఎలా గడిపారు సార్?" అన్నాడు ఆయన. నేనూ మీ అమ్మను అదే అడిగాను, నీకెప్పుడూ అనుమానం రాలేదా అని. "మీ బట్టలన్నీ కొనేది నేనే కదా. మీరు రంగులు పట్టించుకోరనుకున్నాను, కనబడవనుకోలేదు" అంది.

ఆఫీసులో ఎలా గడిచిందో కూడా నిన్ననే తెలిసింది. అత్యవసరమైన ఫైలుకు ఎర్ర ట్యాగు, మామూలు ఫైలుకు పచ్చ ట్యాగు కట్టడం మా దగ్గర పద్ధతి. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను పొరబడలేదని నాకు గర్వం. మా అటెండరును, వచ్చే ఏడు రిటైరయ్యే మనిషిని, ఎర్రవి ఎప్పుడూ ఎడమ ట్రేలోనే ఎందుకు పెడతావని అడిగాను.

"మీరు చేరిన కొత్తలో అత్యవసరం ఫైలు మీద టీ గ్లాసు పెట్టుకుని మూడ్రోజులు కూర్చున్నారు సార్. అప్పట్నుంచి ఎడమా కుడీ చేశాను" అన్నాడు.

"మరి నాతో చెప్పలేదేమయ్యా?"

"మీరు అడగలేదు కద సార్" అని, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక చెప్పవలసింది చెబుతాను.

నీకప్పుడు ఏడేళ్ళు. బడిలో ఆకురాలు కాలం మీద బొమ్మల పోటీ. మీ అమ్మ ఆ వారం మీ అమ్మమ్మకు బాగాలేదని వెళ్ళింది. నువ్వు వంటింటి గుమ్మం దగ్గర బోర్లా పడుకుని, గోడమీది క్యాలెండరులో చెట్టు చూసి రంగు వేస్తున్నావు. నేను ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా తనిఖీకి దిగాను. నీ పెట్టెలోంచి ఒక పెన్సిలు తీసి క్యాలెండరుకు ఆనించి, "ఇదీ అసలు రంగు" అన్నాను.

"అది పచ్చది నాన్నా" అన్నావు.

"సరిగ్గా చూడు."

"చూశాను. పచ్చదే."

"మళ్ళీ చూడు. పెద్దవాళ్ళు చెబితే వినాలి."

నాలుగు కాగితాలు మార్పించాను నీచేత. నాలుగోసారి నువ్వు క్యాలెండరు వైపు చూడనే లేదు. నా మొహం చూస్తూ వేశావు. దాని కింద నేను 'పరిశీలించడమైనది' అని రాసి, తేదీ వేసి సంతకం కూడా చేశాను. ఆ తరువాత మీ టీచరమ్మ, "పాపకి రంగులు తెలిసినట్టు లేదండీ" అని మీ అమ్మతో అందట. నేను ఆ మాట నమ్మాను. నీచేత నమ్మించాను. పదహారేళ్ళ పిల్లవు గొడుగు కొనుక్కుంటూ "అమ్మా, ఇది ఎరుపేనా?" అని అడిగితే పక్కనే నిలబడి నవ్వాను. మొన్నటికి మొన్న, నీ జవాబు సబబే అని రాశాను.

ఏడేళ్ళ పిల్ల కళ్ళు తెరిచి చూసి నిజం చెప్పింది. నలభై మందిని అజమాయిషీ చేసే మనిషికి ఆ నిజం వినడం చేతకాలేదు.

ఆ చెట్టును నువ్వు సరిగ్గానే వేశావు తల్లీ. నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ పని ఒప్పుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. రంగులు తెలియవన్న కారణం మీద మాత్రం మానకు. ఆ కారణం నాది. నాది నాకు ఇచ్చెయ్యి.

నీ నాన్న
(హోదా రాయలేదు. ఉద్దేశపూర్వకంగానే.)

*

నాన్నా,

మీ ఉత్తరం ఆఫీసులో, సగం గీసిన ప్లాను మీద పెట్టుకుని చదివాను. అది నా పొరపాటు. ప్లాను మీద రెండు చుక్కలు పడి సిరా చెదిరింది. అక్కడ రెండు కిటికీలు పెట్టేశాను. గాలి బాగా వస్తుందని మా మేనేజరు మెచ్చుకున్నాడు.

మీరు ఒక్కచోట పొరబడ్డారు. నేను నా కళ్ళను ఎప్పుడూ అనుమానించలేదు. అది పచ్చదని నాకు నాలుగో కాగితం వేస్తున్నప్పుడు కూడా తెలుసు. మర్నాడు టీచరమ్మ ఆ బొమ్మ ఎత్తి చూపిస్తే క్లాసంతా ఘొల్లుమంది. "ఎవరమ్మా నీకు ఇలా వేయమని చెప్పింది?" అని అడిగింది. మా నాన్న అని చెప్పబోయాను. అడుగున మీ సంతకం ఉంది. దాన్ని బొటనవేలితో మూసి పట్టుకున్నాను. వీళ్ళు ఇప్పుడు మా నాన్నని చూసి నవ్వుతారు అనిపించింది. "ఎవరూ చెప్పలేదు టీచర్, నాకే రంగులు తెలియవు" అన్నాను.

ఒకసారి అన్నాక ఇక వెనక్కి తీసుకునే దారి కనబడలేదు. నాకు రంగులు తెలుసంటే మీకు తెలియవని బయటపడుతుంది. మీకేదో ఇబ్బంది ఉందని నాకు అప్పుడే అర్థమైంది, దాని పేరే తెలియదు. గొడుగు కొన్నప్పుడు "ఇది ఎరుపేనా?" అని అడిగింది నాకోసం కాదు నాన్నా. మీరు పక్కన నిలబడి ఉన్నారు. అమ్మ "ఎరుపే" అంటే మీరు వింటారని అడిగాను.

బాధ లేదంటే అబద్ధమే అవుతుంది. ఉంది. ఆసుపత్రి పని వద్దని వచ్చిన రోజు బస్సులో కూర్చుని, ఎందుకు వద్దన్నానా అని ఆలోచించాను. మీరు అక్కడ లేరు. నవ్వడానికి ఎవరూ లేరు. అయినా ఆ మాటే వచ్చింది నోట్లోంచి. మిమ్మల్ని దాచడానికి మొదలుపెట్టిన మాట వెనక నేనే దాక్కుంటున్నానని అప్పుడు తెలిసింది. మీరు ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే అక్కడే ఉండిపోయేదాన్ని.

నిన్న వెళ్ళి ఒప్పుకున్నాను. "రంగులు తెలియవన్నావు కదమ్మా?" అన్నాడు మేనేజరు. "కుటుంబ రహస్యం సార్, నిన్నటితో గడువు తీరింది" అన్నాను. వింతగా చూశాడు కానీ కాగితం మీద సంతకం పెట్టాడు.

పిల్లల వార్డులో ఒక గోడ నిండా ఆకురాలు కాలపు చెట్లు వేయించాలనుకుంటున్నాను. ఆ వార్డుకి మీలాంటి పిల్లలు కూడా వస్తారు. వాళ్ళకీ అది బురదలా కాక చెట్టులా కనబడాలి. లేతా ముదురూ తేడాలతో, పసుపూ నీలం పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ప్రతి నమూనానూ మీరు చూడాలి. మీకు కనబడితేనే గోడెక్కుతుంది. ఈసారి మీరు ఏమీ దిద్దకండి, ఏం కనబడిందో అది చెప్పండి చాలు.

అమ్మను అడిగానని చెప్పండి. మీరు వేసిన నాలుగో పుట నాకు కావాలి. మంచి వానాకాలం అని విన్నాను.

మీ పిచ్చుక

*

నా పిచ్చుకకు,

నీ ఉత్తరం మీ అమ్మకు పైకి చదివి వినిపించబోయాను. 'బొటనవేలు' అన్న మాట దగ్గర నా కళ్ళద్దాలకు ఏదో సాంకేతిక ఇబ్బంది వచ్చింది. అక్కడి నుంచి ఆమే చదివింది. చదివి, కొంగుతో నా కళ్ళద్దాలు తుడిచింది, ఆ తరువాత తన కళ్ళు. ఆ సాయంత్రం పెన్సిళ్ళు ముట్టుకోలేదు. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని రాలే ఆకులు చూశాం. ఒక్కో ఆకు రాలినప్పుడల్లా ఆమె "ఎరుపు", "పసుపు", "ఇది సగం సగం" అని చెబుతూ ఉంటే, నేను తలూపుతూ కూర్చున్నాను. పరిశీలించలేదు. ఒప్పుకున్నాను.

నమూనాలు చూసే ఉద్యోగం స్వీకరించడమైనది. నాలుగో పుట దీనితో జతచేస్తున్నాను. సంతకం పెట్టలేదు.

చివరగా, జరిగిన విషయాలన్నీ దృష్టిలో ఉంచుకుని, ఈ ఇంటికి ఒక నిబంధన జారీ చేస్తున్నాను. ఇకమీదట మన ఇంట్లో ఏ వస్తువు ఏ రంగులో ఉన్నదన్న విషయంలో, అందరికన్నా వయసులో చిన్నవారి మాటే చెల్లును. సదరు చిన్నవారు ఊళ్ళో లేని పక్షంలో, వారు వచ్చి చూసి చెప్పేంతవరకూ, ఆ వస్తువుకు రంగు లేదనే భావించవలెను. తదనుగుణంగా, ఈ ఉదయం నుంచి మన వంటింట్లో టమాటాలకు, మంచం మీద దుప్పటికి, మీ అమ్మ చెప్పులకు రంగు లేదు. ఈ నిబంధనే అంతిమం. దీనిపై అప్పీలు లేదు.

నీ నాన్న