ఆరని ప్రైమర్

సూర్యాపేట

సులోచన టీచర్ గారికి నమస్కారం.

పోయినేడాది కోదాడలో మీ ఇంటి ముందు మాయమైన అంబాసిడర్ కారు నా దగ్గరుంది. ఇంజన్ దించి లోపలి నల్లరంగు గీకుతుంటే, ఒకప్పుడు మీవారు కోరితే నేనే వేసిన లేతనీలం బయటపడింది. కారు తెచ్చింది మా షెడ్డు యజమాని సురేందర్. అడిగితే, "చాసిస్ నంబర్ గీకేసి రంగు కొట్టు. నోరు తెరిస్తే నువ్వే ఎత్తుకొచ్చినవని చెప్త" అన్నాడు. ఫోన్ గుంజుకున్నాడు, బయటికి పోనివ్వడం లేదు.

నంబరు చుట్టూ కొట్టిన ప్రైమర్, అదే అడుగుపూత, ఆరలేదని చెప్పి, మూడు రోజులుగా నంబరు ముట్టకుండా నెట్టుకొస్తున్నాను. "గింత ఎండకు ఇంకా ఆరలేదా?" అని ఇవాళ అడిగాడు.

అన్నం తెచ్చే నా భార్య రాణి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆర్‌సీ పట్టుకుని, పోలీసులతో రేపే రండి. షెడ్డు దారి రాణి చూపిస్తుంది. వాళ్లు నన్నూ పట్టుకుంటారు. అప్పుడు ఈ కాగితం చూపించండి.

మీ పాత పెయింటర్