తెల్లగా ఉతికిన పట్టీలు

హొసకోటె, 12-3-1966

డాక్టరుగారికి నమస్కారాలు.

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, మన్నించండి. నేను ద్రాక్షతోటలో పురుగుమందు కొట్టే ఆవులప్ప తండ్రిని. వాడి ఒంటిమీద మందు ఎంత పడుతుందో చూడాలని మీరు చొక్కాకు గుడ్డపట్టీలు కుట్టించారు. బెంగుళూరులో మీ ఆఫీసుకు మురికిగుడ్డలు పంపడం మర్యాద కాదని నేనే సబ్బు పెట్టి ఉతికి ఇచ్చాను. ఆ నీళ్లు తాగి మా కోళ్లు రెండూ చచ్చాయి.

పట్టీల్లో మందే లేదని మీ కాగితం వచ్చింది. తోట సావుకారు అది చూపించి, "ఏమప్పా, కొడుక్కి జబ్బని నాటకమాడతా ఉండావా?" అన్నాడు. ఉతికానంటే నవ్వాడు.

ఆవులప్పకు చేతులు వణికి ముద్ద నోటికి చేరడం లేదు. ఈరోజూ మందు కొట్టడానికే పోయాడు.

ఈసారి పట్టీలు నా చొక్కాకు కుట్టించండి, వాడి బదులు నేను కొడతాను. ఉతకను. మీ జవాబు వచ్చేదాకా వాడు ఆ పనిలోనే ఉంటాడు, తొందరగా రాయండి.