మాపటి కల్లు చేదైన సంగతి

కోడేరు,
24 ఫిబ్రవరి 2004

ప్రియమైన బామ్మర్ది గోవిందుకు,

ఆరేళ్ల కింద నా బిడ్డ సరిత లగ్గంనాడు నా కల్లు చెడగొట్టింది నువ్వే. సాయంత్రం పందిట్లో పోసిన కల్లు విషం లెక్క చేదయింది. వియ్యపురాలు తుపుక్కున ఉమ్మింది. "మాసయ్య మందు కలిపిండురో!" అని నాతోపాటు చెట్లు గీసే జయరాజు ఊరంతా వినేటట్టు అరిచిండు. నలభై ఏళ్లు తాడిచెట్లు ఎక్కిన. ఒక్క పూట మత్తుమందు కలపలేదు. ఆ ఏడే కల్లుగీత సంఘం నా చెట్లు గుంజుకుని జయరాజుకు ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం నువ్వు కుండ దగ్గర నిలబడ్డది నేను చూసిన. బీరు ఫ్యాక్టరీల నౌకరి కదా, కల్లంటే నీకు చిన్నచూపు. మీ అక్క జములమ్మ ముఖం చూసి ఇన్నేళ్లు అడగలేదు. మార్చి 26 శుక్రవారం సంఘం మళ్లీ చెట్లు పంచుతది. అందుకే అడుగుతున్న. కుండల ఏం కలిపినవో దాపరికం లేకుండ రాయి.

మాసయ్య

సంగారెడ్డి,
4 మార్చి 2004

ప్రియమైన మాసయ్య బావకు గోవిందు దండాలు.

కలిపింది నేనే. కానీ మందు కాదు బావా, పువ్వు. హాప్స్ అంటారు. తీగకు పూస్తుంది, ఆడతీగ పువ్వే పనికొస్తుంది. దాన్ని ఎండబెట్టి, దంచి, పచ్చటి గోలీలు చేసి పంపుతారు. మా దగ్గర బార్లీ రసం కాగేటప్పుడు అవి వేసే పని నాదే. మ్యాగ్నం అనే రకం చేదుకు, మొదట్లోనే వేసి గంటసేపు మరిగిస్తాం. సాజ్ అనే రకం వాసనకు, దింపబోయే ముందు వేస్తాం. హాప్స్ పడితే బీరు తొందరగా పులవదు.

ఈ మాట ఒకసారి అక్కతో అన్నాను. ఆమె పట్టుకుంది. "మీ బావ మోకాళ్లు వణుకుతున్నయి తమ్మీ. పొద్దుగాల కల్లు మాపటిదాంక పులవకుంటే రెండోసారి చెట్టెక్కే పని తప్పుతది. గా పువ్వేందో తెచ్చి ఎయ్యి. ఆయనకు మాత్రం చెప్పకు" అన్నది. చేదు తక్కువని సాజ్ తేవాలనుకున్నాను. రెండు రకాల గోలీలూ చూపుకు ఒక్క తీరే ఉంటాయి. తొందరలో మ్యాగ్నం తెచ్చాను. నీళ్లలో కాచి ఆ రసం కుండలో పోశాను. రుచి చూడలేదు. తప్పు నాదే.

ఆ రాత్రే నీకు చెప్పబోతే అక్క ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తప్పాను. ఆమెను ఏమీ అనకు బావా.

నీ గోవిందు

కోడేరు,
11 మార్చి 2004

గోవిందూ,

నీ జాబు కూడబలుక్కుని రెండుసార్లు చదివిన. మీ అక్క జొన్నలు చెరుగుతుంటే ముందట కూర్చున్న.

"లగ్గంనాడు కుండల పువ్వు ఏపిచ్చింది నువ్వేనా?" అన్న.

చాట ఆపలేదు. "ఔ. బిడ్డ పెండ్లినాడు నీ పీనుగ చూడాల్నా?" అన్నది.

"నా పేరు పాయె గదనే!"

"నువ్వున్నవు గద" అన్నది.

ఆరేళ్లు ఊరు నన్ను అన్న మాటలన్నీ ఆమె కూడా విన్నది. నీళ్లకు పోయినకాడ ఆడోళ్లు మొఖం మీదనే అన్నరు. నోరు తెరవలేదు.

26 శుక్రవారం నువ్వు రావాలె. సంఘం ముందట పువ్వు సంగతి చెప్పు. నాలుగు గోలీలు తే, జయరాజు కొరికి చూస్తడు. ఎవరు వేయమన్నరని అడుగుతరు. మీ అక్క పేరు ఎత్తొద్దు. మాసయ్యే అడిగిండు, మోకాళ్లు పోయినయి, రెండోసారి ఎక్కలేక అడిగిండు అని చెప్పు. మోకాళ్లు లేనోనికి సంఘం చెట్లు ఇయ్యదు. నాకు తెలుసు. ఇయ్యకపోనీ. మందు కలిపినోడన్న మాట నా మీద ఉండొద్దు. అది తప్పించుకోవాలని ఆమెను పదిమంది నోట్ల పడెయ్య.

అబద్ధం ఆడనని నాకు నీతులు చెప్పకు. మోకాళ్ల మాట నిజమే. వస్తవా, రావా? బుధవారం, 24 తారీకు లోపల నీ జాబు నా చేతికి అందాలె.

మీ బావ
మాసయ్య