ఎనిమిది మైకుల పెట్టె

జూలై 3, గురువారం

పొద్దుటి నుంచి వదలని వాన. మోరీ జాలీ విప్పి కడిగాను. జుట్టు, సబ్బు ముక్క, ఎవరిదో చొక్కా గుండీ. ఇప్పుడు నీళ్లు పోతున్నాయి.

యాదగిరి సేఠ్ వచ్చాడు. నిన్నటిదాకా కట్టడాలకు కూలీలను తోలే మేస్త్రీ, ఇప్పుడు మా భజన మండలికి అధ్యక్షుడు. మండలి పాడే అమ్మవారి పాట రికార్డు చేయాలట. చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడి బల్ల మీది నా రికార్డింగు పెట్టెను చూశాడు. మైకుల తీగలు దీంట్లోకి, దీంట్లోంచి కంప్యూటర్‌లోకి. పదకొండేళ్లుగా ఇదే.

"గింతేనా రాజన్నా? రెండే బొక్కలున్నయి?"

"రెండు మైకులకు రెండు."

"ఎనిమిదిది తీస్కో. సగం మండలి ఇస్తది. నీ ధంద గూడ పెరుగుతది."

బొక్కలు లెక్కపెట్టి పనితనం తేల్చే మనిషి.

జూలై 4

అతనికి ఎనిమిది ఎందుకు కావాలో నాకు తెలుసు. రెండు మైకులయితే ఎనిమిది మందీ చుట్టూ కూర్చోవాలి. గొంతులన్నీ కలిసి పడతాయి, తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. మనిషికో మైకు ఉంటే గొంతుకో వరుస. ఒకటి పెంచొచ్చు, ఒకటి తగ్గించొచ్చు, ఒకటి మొత్తానికే మూసేయొచ్చు.

"నా ఆవాజ్ జర ఉఠావ్‌దార్ రావాలె" అన్నాడు నిన్న వెళ్తూ. షట్టర్ ఎత్తినట్టుండే ఆ గొంతును ఇంకా పైకి తేల్చడం ఎందుకో.

జూలై 5

ఫోనులో ఈ పెట్టెల గురించి చెప్పేవాళ్ల వీడియోలు చూశాను. ఒకడు అట్ట విప్పడానికే పావుగంట తీసుకున్నాడు. వెనక నీలం దీపం, పక్కన ముట్టని గిటారు. గొంతు వెచ్చగా వస్తుందట, గాలి ఆడుతుందట. వాన నీళ్ల సీసా అమ్మినా ఇలాగే అమ్ముతాడు. నలుగురిని విన్నాను, ఒక్కడూ పాట పాడలేదు.

నా పెట్టె కుడి నాబ్ తిప్పితే బరబరమంటోంది. స్పిరిట్ కొట్టి తుడిచాను. తగ్గింది. కొత్తది అక్కర్లేదు.

సాయంత్రం —

నాకూ కావాలి. రాసేశాను.

జూలై 6, ఆదివారం

మండలి గదిలో ప్రాక్టీసు. నర్సయ్య తాత ముందు లైను పాడతాడు, మేం ఏడుగురం వెనక అందుకుంటాం. నా చిన్నప్పటి నుంచీ పాట ఎత్తేది ఆయనే. గోడలు కట్టి రిటైరైన చేతులు, తాళం ఇంకా గట్టిగానే వేస్తాయి. గొంతు మాత్రం అయిపోయింది. రెండో చరణంలో ఊపిరందక ఆగాడు. అందరూ చాప వైపు చూశారు. నేనూ.

మెట్ల దగ్గర సేఠ్ నా భుజం మీద చెయ్యేశాడు.

"తాతది అలగ్ రికార్డు చెయ్యి. తర్వాత తీసి పారెయ్. ఆయనకేం ఎరుక? మైకు పట్టుకుంటడు, ఫోటో దిగుతడు, ఖుష్."

"మరి ఎత్తుకునేదెవరు?"

"నేన్లేనా?"

ఎనిమిది బొక్కల సంగతి ఇదన్నమాట. ఒక ముసలి గొంతును మూయడానికి ఎనిమిది మైకులు.

చూస్తాను అన్నాను. ఛీ. ఎవడేమన్నా నా నోట వచ్చేది అదొక్కటే.

జూలై 8

లామింగ్టన్ రోడ్డు, కరెంటు సామాన్ల బజారు. షాపు మీగడమొహం కుర్రాడు నా గొడుగు నుంచి కారే నీళ్లనే చూస్తున్నాడు. నా వెనక వచ్చిన జుట్టు ముడివాడికి కుర్చీ వేశాడు. లోపల్నుంచి యజమాని వచ్చాడు, అతని పాత యాంప్లిఫయర్లు ఇరవై ఏళ్లుగా బాగు చేసేది నేనే. ఎనిమిదింటిది అట్టతో సహా చేతిలో పెట్టాడు. వచ్చే వారం బుధవారం దాకా వాడి చూడు, ఉంచుకుంటావో తెస్తావో ఫోన్ చెయ్యి అన్నాడు. ధర లెక్కల పుస్తకంలో ఉంది, ఇక్కడ వద్దు.

ఇంటికొస్తే నా భార్య పద్మ తలుపు తీసింది.

"కొన్నవా?"

"లేదు."

"మరి గా మొహమేంది, పిల్లను లేపుకొచ్చినట్టు?"

జూలై 10

పెట్టెతో వచ్చిన పుస్తకం చదివాను. పద్నాలుగు భాషలు. మనది లేదు. బొమ్మలు చూసి తీగలు పెట్టాను. బరబర లేదు. నిశ్శబ్దం ఇంత శుభ్రంగా ఉంటుందని తెలియదు.

జూలై 13, ఆదివారం

రికార్డింగు. నాగ్‌పాడా నుంచి ఆరు మైకులు అద్దెకు.

సేఠ్ పట్టు లాల్చీ, నల్ల కళ్లద్దాలు. గదిలో. కళ్లు మూసుకుని పాడానని చెప్పాడు, అద్దాల వెనక ఎవరు చూశారు.

తాత తన మైకును కండువాతో తుడిచాడు.

"నా ఒక్కనికేనారా రాజిగా ఇది?"

"నీకే తాతా."

"అప్పుడు పదిమందిమి ఒక్క దాని మీద పడెటోళ్లం. ఎవని నోట్లె తంబాకు వాసనుందో గూడ తెలిసేది."

నవ్వాడు. దగ్గాడు. పాడాడు. మూడు చోట్ల ఆగాడు.

జూలై 14

హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. తాత వరుస మూశాను. పూర్తిగా పోలేదు. గది చిన్నది, ఆయన గొంతు మిగతా ఏడు మైకుల్లోనూ సన్నగా పడింది, గోడ అవతలి ఖోలీలో పాడుతున్నట్టు.

అది సరే. పాట ఏది?

ఒక్కొక్క వరుసా విడిగా విన్నాను. ముందు సేఠ్. మాట మొదలు లేదు, తోక మాత్రం ఉంది. "...మ్మా... ...వే... ...లో..." నోరు తిరగని మాట వచ్చిన చోట మూలుగు. తాత అన్నాక అరక్షణానికి వచ్చి కలుస్తాడు, అంతే. రెండోవాడూ అంతే. మూడోవాడూ. అందరూ ఇక్కడ పుట్టినవాళ్లు, మరాఠీ బడి, తెలుగు అక్షరం రాదు. తాత నోరు చూసి నోరు కదిపి ఇన్నేళ్లు భక్తులయ్యారు. అందరం కలిసి అరిచినప్పుడు ఎవడికీ తెలియలేదు.

నవ్వాను. ఒక్కణ్నే, కడుపు పట్టుకుని. సేఠ్ వరుస మళ్లీ పెట్టుకుని నవ్వాను. పద్మ వంట దగ్గర్నుంచి తొంగి చూసింది.

తర్వాత ఆరో వరుస తెరిచాను.

ఆరోది నాది.

"...మ్మా... ...వే..."

మండలి బ్యానర్ మీద తెలుగు తప్పులు దిద్దేది నేను. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నానని లోలోపల మురిసేది నేను. పాట ఒక్కసారైనా రాసుకోవాలని తోచలేదు. ముప్పై ఏళ్లు.

పెట్టె చాలా బాగుంది. ఏదీ దాచదు.

జూలై 15

సేఠ్ వినడానికి వచ్చాడు. అడిగినట్టే తాతను మూసి పెట్టాను. సగం దాకా తల ఊపాడు.

"మాటలేవి?"

"మన నోట్లో లేవు."

"నీ డబ్బాల ఖరాబీ ఉన్నది."

"డబ్బా బాగానే ఉంది సేఠ్."

అతని వరుస ఒక్కటే వినిపించాను. మొహం చూడాల్సింది. ఫోను తీశాడు, జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు. తర్వాత తెలివి వచ్చింది.

"గట్లయితే ముసలాయనను సన్నగ కిందికి పెట్టు. మాటలు ఆయనయి, ఆవాజ్ నాది. ఆయన పేరు ఎందుకు, మండలి పేరు చాలు."

చెయ్యొచ్చు. ఒక నాబ్ తిప్పితే అయిపోతుంది. ఇది ఎనిమిదింటి పెట్టెకే చేతనవుతుంది, నా పాతదానికి చేతకాదు. ఇంత నీచానికి ఇంత ఖరీదు.

చూస్తాను అనలేదు. తీగలు చుట్టసాగాను. దాన్ని కూడా సరే అనుకుని పోయాడు.

జూలై 16, బుధవారం

తాత వచ్చాడు. పిలవలేదు. మూడంతస్తులు ఎక్కి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నాదొక్కటే పెట్టు."

పెట్టాను. హెడ్‌ఫోన్ ఆయన తలకు పెద్దది, చేత్తో పట్టుకున్నాడు. పాట మొత్తం విన్నాడు, దగ్గులతో సహా.

"ఊపిరి దొరుకుతలేదు. సేఠ్ తీసెయ్యమన్నడా?"

తల ఊపాను.

"తియ్యి. గట్ల ఆగుకుంట పాడితె అమ్మవారికేం బాగుంటది." హెడ్‌ఫోన్ తీసి ఇస్తూ, "గని ఎవలకన్న మాటలొచ్చినయా?"

"రాలేదు."

"నీకు?"

కంప్యూటర్ వైపు చూశాను. నా వరుస వినిపించమని తాత అనలేదు. అడగకుండానే తెలిసిందేమో.

"ఆదివారం మల్ల పెట్టుదం. నా జాగల నువ్వు కూసో. పాట నువ్వెత్తు. నేను ఎనకకెల్లి తాళమేస్త."

"నేనా? సేఠ్ —"

"సేఠుకు మాటలొస్తయా?"

ఎప్పుడూ తాత వెనక కూర్చునేవాణ్ని. పక్కవాళ్ల తప్పులు లెక్కపెట్టే చోటు అది. ముందు కూర్చున్నవాడి గొంతు విడిగా వినపడుతుంది.

తాత కిందికి దిగాడు, చాయ్ తాగి వచ్చి పాటంతా చెబుతాడట, నన్ను రాసుకోమన్నాడు. ఆయన వచ్చేలోపు నాకెంత వచ్చో చూద్దామని పాటకు ఒక ఖాళీ పేజీ తెరిచాను. మొదటి చరణం రాశాను, రెండు చోట్ల ఖాళీలు. రెండోది... రాగం వస్తోంది, తాళం వస్తోంది, ఆయన పెదవులు ఎలా తెరుచుకుంటాయో కూడా కళ్ల ముందుంది.

మెట్ల మీద దగ్గు. రెండో అంతస్తు దగ్గర ఊపిరి కోసం ఆగాడు తాత.

షాపుకు ఫోన్ చెయ్యాలి, ఉంచుకుంటున్నానో తెస్తున్నానో. ఏడింటికి మూసేస్తాడు. ముందు ఆ రెండో చరణం మొదటి మాట. తాతకు ఎదురెళ్లి అడగాలి.